మూడు ఊళ్ళు - ఏడు సినిమాలు

ఏమండీ, మీలో ఎవరైనా వారం రోజులపాటు రోజుకొకటి చొప్పున దెయ్యాల సినిమాలూ, గుర్రాల సినిమాలూ, అడవిలో హత్యల సినిమాలూ చూశారా? అదీ నలభై దాటిన వయసులో, ఇల్లూ వాకిలీ వదిలి, సంచి భుజాన వేసుకుని మూడు ఊళ్ళు తిరుగుతూ? నేను చూశాను. నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు గానీ చివరిదాకా చదవండి.

ఇదంతా మా అమ్మాయి పుణ్యం. డిగ్రీ చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చిందంటే అర్ధరాత్రి దాకా దుప్పటి ముసుగులో ఫోను పెట్టుకుని దెయ్యాల సినిమాలు చూస్తుంది. "ఈ పిచ్చి సినిమాలు చూసి నిద్ర పాడు చేసుకుంటావెందుకే? చూస్తే ఏదన్నా కుటుంబ కథ చూడరాదా?" అని రోజూ తిట్టేదాన్ని. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు అదీ తిరగబడింది. "అమ్మా, ఒక్కటి కూడా చూడకుండానే పిచ్చివంటున్నావు. వారం రోజులు చూడు. అప్పుడు తిట్టు, పడతాను" అంది.

సరిగ్గా ఆ ఆదివారమే భూపాలపల్లి నుంచి మా చెల్లె ఫోను. "అక్కా, రేపటిసంది మీ మరిదికి వారమంత నైట్ షిఫ్టు. పిలగాడు హాస్టల్‌కు పాయె. ఒక్కదాన్నే ఉంట. అమ్మను తోలుకొని రారాదే" అని. మా మరిది బొగ్గుబాయిలో పని చేస్తాడు. పండుగ చేసి ఇల్లంతా చిందరవందరగా ఉంది, పిండి డబ్బాలు కూడా కడగలేదు. అందుకే "రెండ్రోజులు ఇక్కడ సర్దుకుని, మహబూబాబాద్‌లో అమ్మ దగ్గర రెండ్రోజులుండి, శుక్రవారానికి వస్తాం" అన్నాను. "సరే తియ్" అంది. ఆ 'సరే'లో ఏముందో నాకప్పుడు తెలియలేదు.

మా అమ్మాయి మాత్రం హుషారుగా నోటుబుక్కులోంచి కాయితం చింపి ఏడు సినిమాల పేర్లు, ఏది ఎక్కడ దొరుకుతుందో వివరంగా రాసిచ్చింది. పైన 'కల్ట్' అని రాసి కింద గీత గీసింది. అదేమిటే అంటే, వచ్చినప్పుడు పెద్దవాళ్ళు చిన్నచూపు చూసినా, కొందరు మాత్రం ఏళ్ళ తరబడి వదిలిపెట్టకుండా చూసే సినిమాలట. అమెరికాలో 1975లో 'ద రాకీ హారర్ పిక్చర్ షో' అని ఒక సినిమా వచ్చిందట. మొదట ఆడలేదట గానీ తర్వాత అర్ధరాత్రి ఆటలుగా ఏళ్ళకేళ్ళు ఆడిందట. "మనకూ ఉన్నాయమ్మా అలాంటివి" అంది.

సోమవారం - జనగామ. హైదరాబాదుకూ వరంగల్‌కూ మధ్య రైలు పట్టా మీద, పెద్ద రోడ్డు మీద ఉన్న ఊరు మాది. 2016లో జిల్లా అయింది. ఒక పక్క ఇత్తడి పనికి పేరుపడ్డ పెంబర్తి, ఇంకో పక్క పాలకుర్తి, బమ్మెర. కథలు వినడం మా వైపు వాళ్ళకు కొత్త కాదు. ఒగ్గుకథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య గారిది ఇక్కడి మాణిక్యాపురమే. 2017లో పోయారు. డోలు మోగుతుంటే రాత్రంతా కూర్చుని ఏడ్చి, నవ్వి, భయపడి తెల్లారి ఇంటికి పోయిన జనం మా వాళ్ళు.

అలాంటి ఊళ్ళో పుట్టిన మా అమ్మాయి నాకు మొదట పెట్టింది 'జగన్మోహిని'. 1978లో విఠలాచార్య గారు తీసింది. నరసింహరాజు, జయమాలిని, ప్రభ. తక్కువ ఖర్చుతో, అనుకున్న టైముకి సినిమా పూర్తి చేయడంలో విఠలాచార్య గారిది అందె వేసిన చెయ్యి. ఎవరైనా హీరో పేచీ పెడితే ఆ పాత్రను చిలకగానో మేకగానో మార్చేసి మిగతా సినిమా తీసేసేవారని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. మన ఇళ్ళల్లో కూర మిగిలితే పప్పులో కలిపి కొత్త వంటకం అన్నట్టు!

అందులో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. చిన్నప్పుడు చూసి భయపడ్డాను. ఇప్పుడు చూస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. కాసేపయ్యాక నవ్వు ఆగింది. చూడండి, ఆడది చచ్చి దెయ్యమైనా వంట తప్పలేదు! కట్టెలు లేకపోతే కాళ్ళు పెట్టి మరీ వండాలి. గ్యాసు అయిపోయిన రోజున మనం పడే పాట్లు తలచుకోండి. ఆ సీను రాసింది మగవాళ్ళే అయినా మన సంగతి బాగానే పట్టారు.

నచ్చనిదీ చెప్పాలి. డాన్సులు, ఆ బట్టలు అవసరానికి మించి ఉన్నాయి. ఒక పక్క పూజలు చేసే భార్య, ఇంకో పక్క ఆశపడే దెయ్యం, మధ్యలో ఏ తప్పూ లేనట్టు నిలబడ్డ మగాడు. ఇద్దరాడవాళ్ళూ కొట్టుకుంటుంటే అతను చూస్తుంటాడు. "అమ్మా, నువ్వు రివ్యూలు రాయొచ్చు" అంది మా అమ్మాయి, మక్క ప్యాలాల గిన్నె నా వైపు జరుపుతూ.

మంగళవారం 'మోసగాళ్ళకు మోసగాడు'. ఇది పెట్టగానే, వార్తలు తప్ప ఏమీ చూడని మావారు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నారు. 1971లో వచ్చిన మన తెలుగు తొలి కౌబాయ్ చిత్రం. కృష్ణ గారి సొంత సంస్థ పద్మాలయా తీసింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర గారి రచన. రాజస్థాన్ ఎడారిలో తీశారు. ఇంగ్లీషులోకి మార్చి 'ట్రెజర్ హంట్' పేరుతో బయటి దేశాలకు కూడా పంపారు. 2022 నవంబరులో కృష్ణ గారు పోయాక, మరుసటి ఏడు మే 31న ఆయన పుట్టినరోజుకి దీన్ని మళ్ళీ హాళ్ళలో వేశారు. మావారు ఆ రోజు హైదరాబాదు వెళ్ళి చూసొచ్చారట! "పనుందని చెప్పి వెళ్ళారు కదా" అంటే, "అదే పని" అన్నారు.

ఎప్పుడో ఇటలీవాళ్ళు తీసిన గుర్రాల సినిమాలను చూసి, మన పేర్లు, మన మీసాలు పెట్టి తీసుకున్నారు. తలకు ఆ టోపీ ఏమిటి, నడుముకు ఆ తుపాకీ ఏమిటి అనిపిస్తుంది గానీ పావుగంట తర్వాత ఆ ప్రశ్న రాదు. నాకు మాత్రం కళ్ళు విజయనిర్మల గారి మీదే ఉన్నాయి. అంత ఇసుకలో ఆమెకు చేయడానికి పెద్దగా ఏమీ ఇవ్వలేదు. అదే ఆమె తర్వాత తానే మెగాఫోను పట్టుకుని, ఎక్కువ సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అది తెలిసి చూస్తే ఆ పిల్ల వేరేగా కనిపిస్తుంది.

బుధవారం పొద్దున రైలెక్కాను. ఘన్‌పూర్, కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, ఆ తర్వాత మహబూబాబాద్. మా పుట్టిల్లు. పాతవాళ్ళకు ఇప్పటికీ మానుకోటే. కేసముద్రం దాటితే కిటికీలోంచి మిరపచేలు కనబడతాయి. ఆ రోజుల్లో కాయ ఏరుతున్నారు. కళ్ళాల్లో ఎర్ర దుప్పట్లు పరిచినట్టు ఎండబోశారు. స్టేషన్లో దిగగానే ముక్కుకు ఆ ఘాటు తగిలిందంటే అమ్మ ఇల్లు వచ్చినట్టే.

చిన్నప్పుడు మా వాడలో ఎవరింట్లో పెళ్ళయినా, వినాయకుణ్ణి పెట్టినా రాత్రికి 'వీడియో' వేయించేవారు. కలర్ టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు రిక్షాలో వచ్చేవి. తెల్లారేదాకా నాలుగు సినిమాలు. పక్క తండా నుంచి లంబాడీ ఆడవాళ్ళు పిల్లలతో, దుప్పట్లతో వచ్చి ముందు కూర్చునేవాళ్ళు. మొదటిది భక్తి సినిమా, చివరిది దెయ్యం సినిమా. ఎందుకంటే తెల్లవారుజామున అందరినీ మేలుకొలిపి ఉంచేది అదే! నేను అమ్మ కొంగులో ముఖం పెట్టుకుని, "పోయిందా, పోయిందా" అని అడిగేదాన్ని. అమ్మ "పోయిందే" అనేది. తల ఎత్తితే దెయ్యం అక్కడే ఉండేది. అమ్మ నవ్వేది. దెయ్యాల సినిమాల మీద నాకు కోపం అప్పటినుంచే అనుకుంటాను.

ఆ రాత్రి అమ్మతో కలిసి 'అమ్మోరు'. 1995లో ఇది వచ్చినప్పుడు ఇక్కడి హాల్లోనే చూశాం. మా ముందు వరసలో ఒకామెకు శిగమొచ్చి ఊగిపోతే, ఎవరో పరుగున పోయి నిమ్మకాయ, పసుపు తెచ్చారు. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత, అమ్మవారిగా రమ్యకృష్ణ. కంప్యూటర్ బొమ్మలను అంత విరివిగా వాడిన మొదటి తెలుగు సినిమాల్లో ఇదొకటి. ఇప్పటి పిల్లలకు అవి ఆనకపోవచ్చు. మా అమ్మకు ఆనాయి. తెర మీద అమ్మవారు రాగానే మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దించి, కొంగు సర్దుకుని కూర్చుంది.

ఈ కథలో భర్త విదేశం పోతే అత్తింట్లో ఒంటరిదైన కోడలి కోసం, అమ్మవారు చిన్నపిల్లగా వచ్చి ఇంట్లో పనిమనిషిగా ఉంటుంది. త్రిశూలం, మెరుపులు అన్నీ తర్వాత. ముందు వచ్చి గిన్నెలు తోముతుంది. మన కష్టం తెలిసిన దేవత అంటే అలా ఉండాలి. సౌందర్యను చూస్తుంటే గుండె బరువెక్కింది. 2004 ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో పోయింది. "ఎంత చిన్న పిల్ల" అని అమ్మ మూడుసార్లు అంది.

గురువారం 'క్షణ క్షణం'. రాంగోపాల్ వర్మ 1991లో తీశాడు. శ్రీదేవి, వెంకటేష్. దొంగల సొమ్ము గొడవలో ఇరుక్కున్న మామూలు ఉద్యోగస్తురాలు అడవిలో పడుతుంది. మామూలుగా హీరోయిన్ అయితే ధైర్యంగానన్నా ఉండాలి, ఏడుస్తూనన్నా ఉండాలి. ఈమె అలా కాదు. భయపడుతుంది, విసుక్కుంటుంది, అలుగుతుంది, నడవలేనంటుంది. "గీ పోరి మన లెక్కనే ఉన్నది" అంది అమ్మ. ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు తెలియదు. శ్రీదేవి కూడా 2018లో వెళ్ళిపోయింది.

ఆ రాత్రి తిండి సర్వపిండి. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిపొరక, కరివేపాకు, సరిపడా కారం, ఉప్పు వేసి నీళ్ళతో ముద్దలా కలపండి. అడుగు మందంగా ఉన్న గిన్నెకు లోపల నూనె రాసి, పిండిని చేత్తో పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నసెగ మీద కాల్చండి. అడుగు ఎర్రబడి కరకరలాడితే అయినట్టే. గిన్నె చల్లారితే గాని రెండోది ఒత్తలేరు కాబట్టి రెండు గిన్నెలు పెట్టుకోండి. సినిమాలో శ్రీదేవి అడవిలోంచి బయటపడేసరికి మావి నాలుగు అయ్యాయి.

శుక్రవారం అమ్మను తీసుకుని వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవడం అమ్మకు ఇప్పటికీ సరదానే. ఆ టికెట్టు పారేయదు, కొంగున ముడి వేసుకుంటుంది. పరకాల దాటి, రేగొండ దాటాక చెల్పూరు కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ తర్వాత భూపాలపల్లి.

మన దగ్గర బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. ఆ బొగ్గు మా డోర్నకల్ మీదుగానే పోయేది. భూపాలపల్లి వంతు చాలా తర్వాత వచ్చింది. ఒకప్పుడు అడవి పక్క పల్లె. ఇప్పుడు ఆచార్య జయశంకర్ గారి పేరుతో జిల్లా. 2016లో ఏర్పడింది. 2019లో ములుగు విడిపోయాక మేడారం, రామప్ప అటు పోయాయి, కాళేశ్వరం ఇటు మిగిలింది. రేగొండ వైపు పాండవుల గుట్టల్లో ఆదిమానవులు రాతి మీద వేసిన బొమ్మలున్నాయి. చీకటి గుహలో గోడ మీద జంతువుల బొమ్మ వేసి, అందరూ చుట్టూ చేరి చూసి ఉంటారు కదా. సినిమా పిచ్చి మనకు ఇప్పటిది కాదు!

ఊళ్ళోకి రాగానే మూడు లెక్కలు తెలియాలి. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. క్వార్టర్లలో అన్నం వండే టైము, పిల్లల్ని గోల చేయొద్దని కసిరే టైము, అన్నీ వాటిని బట్టే. నైట్ షిఫ్టు వారం పగలంతా ఇల్లు గుసగుసల్లో నడుస్తుంది. మా మరిది పొద్దుగూకాక లేచి, తిని, పదింటికి బండి తీశాడు. "వదినా, భయపడకుండ్రి" అని నవ్వి పోయాడు. చెల్లె గుమ్మంలో నిలబడి, ఆ బండి ఎర్రదీపం మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసింది.

ఆ రాత్రి 'అన్వేషణ'. 1985, వంశీ దర్శకత్వం, ఇళయరాజా సంగీతం, కార్తీక్, భానుప్రియ. అడవిలో వరసగా మనుషులు చనిపోతుంటారు. పులి చంపుతోందంటారు. పక్షుల కూతల మీద పరిశోధన చేసే అమ్మాయి ఆ అడవికి వస్తుంది. అసలు సంగతి చెప్పను, చూడనివాళ్ళు తిడతారు. పులి వచ్చిందన్న వార్తలు ఈ జిల్లాలో ఇప్పటికీ అప్పుడప్పుడు వినబడతాయి. అందుకని సినిమాలో ఆకు కదిలినా మేము కిటికీ వైపు చూశాం. ఆ సంగీతం కళ్ళు మూసుకున్నా వదలదు. నా మాట వినండి, ఈ సినిమాకు భయపడితే కళ్ళు కాదు, చెవులు మూసుకోండి.

ఒక సంగతి గమనించాను. చెల్లె ఫోను పక్కనే, తెర పైకి ఉండేలా పెట్టుకుంది. ఐదు నిమిషాలకొకసారి దాని వైపు చూస్తోంది. ఎవరైనా ఫోను చేస్తామన్నారేమో అనుకున్నాను.

శనివారం 'రాత్రి'. 1992లో రాంగోపాల్ వర్మ తెలుగులో, హిందీలో తీసిన సినిమా. రేవతి, ఓం పురి. ఇందులో వికారపు ముఖాలు, కోరలు పెద్దగా ఉండవు. మామూలు ఇల్లు, మామూలు కుటుంబం. ఒక సీనులో ఆ పిల్ల సినిమా హాల్లో మధ్యలో లేచి బయటికి పోయి, తిరిగొచ్చేసరికి హాలంతా ఖాళీ. ఒక్క మనిషి లేడు. అంతే. అమ్మ "ఓ యమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే చెల్లె ఫోను మోగింది.

టైము పన్నెండున్నర దాటింది. నేనూ అమ్మా ఉలిక్కిపడి నవ్వబోయాం. చెల్లె ముఖం చూసి ఆగిపోయాం. ఫోను చేతిలోకి తీసుకుంది గానీ వేలు ఆడటం లేదు. చివరికి నేనే తీసి చెవి దగ్గర పెట్టాను. పక్క క్వార్టరామె. "ఏమైందక్కా? మీ ఇంట్లకెల్లి అరుపులు ఇనస్తున్నయి" అని! సినిమా అని చెప్పి పెట్టేశాను. చెల్లె పీట మీద కూలబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది.

టీవీ ఆపి, టీ పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు చెప్పింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళ నుంచి నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే దానికి నిద్ర లేదట. మా మరిదికి ఇంతవరకూ ఏమీ కాలేదు. కాకూడదు. కానీ మనిషి వందల అడుగుల కింద ఉన్నప్పుడు రాత్రి ఫోను మోగితే ఎలా ఉంటుందో బాయి మీద బతికే ఇళ్ళలో ఆడవాళ్ళకే తెలుస్తుంది. అందుకే నైట్ షిఫ్టు రోజుల్లో దెయ్యాల సినిమాలు చూస్తుందట. కొన్నేళ్ళుగా చూస్తోందట. మాకెవ్వరికీ తెలియదు.

"ఉన్న భయం చాలదని అవి కూడానా?" అన్నాను.

"గట్ల కాదక్కా. సినిమా భయపెట్టినంతసేపు ఇంకో భయం యాదికి రాదు. పైంగ రెండున్నర గంటలల్ల అయిపోతది. సినిమాల దెయ్యం వచ్చే ముందుగాల సంగీతం వస్తది. ఫోనుకు గట్ల రాదు గదా" అంది.

నేనేం చెప్పను? ఆదివారం అది "రారాదే" అని పిలిస్తే, డబ్బాలు కడిగి శుక్రవారం వస్తానన్నదాన్ని నేను. నాలుగు రాత్రులు ఒక్కతే ఉంది. అమ్మ ఏమీ అనలేదు. లేచి చెల్లె పక్కన పడుకుని, చిన్నప్పుడు నాకు కప్పినట్టు దాని మీద కొంగు కప్పింది. పొద్దున ఏడున్నరకు బండి చప్పుడయ్యాక గాని చెల్లె కళ్ళు మూయలేదు.

ఆదివారం మా మరిదికి సెలవు. పగలు నిద్రపోయి లేచాక నలుగురం కలిసి 'అరుంధతి' చూశాం. 2009లో వచ్చింది. 'అమ్మోరు' తీసిన ఆ ఇద్దరే, కోడి రామకృష్ణ గారూ శ్యాంప్రసాద్ రెడ్డి గారూ. కోడి రామకృష్ణ గారు 2019లో కన్నుమూశారు. అనుష్క, సోనూ సూద్. ఆ రాజభవనం కర్నూలు వైపు బనగానపల్లెది. ఇప్పటికీ జనం దాన్ని 'అరుంధతి బంగ్లా' అనే చూడటానికి పోతారు. ఒళ్ళు గగుర్పొడిచే ఆ 'బొమ్మాళీ' గొంతు మాత్రం సోనూ సూద్‌ది కాదు, పి. రవిశంకర్ గారిది.

సోమవారం చూసిన 'జగన్మోహిని'లో దెయ్యం ఆడది, దాని ఉసురు పోసుకున్నది మగాడు. 'అరుంధతి'లో దెయ్యం మగాడు, అతణ్ణి అంతం చేసేది ఆడది. అదీ ఎవరో బాబా ఇచ్చిన తాయెత్తుతో కాదు, తన ప్రాణం ఇచ్చి, తన ఎముకలనే ఆయుధం చేసి. ముప్పై ఏళ్ళలో మన దెయ్యాల సినిమా ఇంత దూరం నడిచిందన్న మాట. ఇంకో విచిత్రం చెప్పనా? రోజూ భూమి లోపలికి దిగే మా మరిది, పశుపతి వచ్చినప్పుడల్లా దిండు అడ్డం పెట్టుకున్నాడు! చెల్లె పడీ పడీ నవ్వింది. "బాయిల గిట్ల దెయ్యాలుండయి వదినా, గాలి, దీపం, మనుషులే ఉంటరు" అని సమర్థించుకున్నాడు.

ఇక నా అభిప్రాయాలు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ సినిమాల్లో మంత్రగాళ్ళు, చేతబడులు నాకు ఇప్పటికీ నచ్చవు. మన పల్లెల్లో మంత్రాల నెపం పెట్టి ముసలివాళ్ళను, ఒంటరి ఆడవాళ్ళను కొట్టి చంపిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. తెర మీద చేతబడిని తెర మీదే వదిలి రావాలి. చిన్నపిల్లల ముందు పెట్టకండి. నేను ముప్పై ఐదేళ్ళు కోపం మోశాను! చూస్తే ఒంటరిగా చూడకండి, పక్కన మనిషి ఉండాలి. తినడానికి చప్పుడు చేసే తిండి పెట్టుకోండి. సకినాలైతే మరీ మంచిది, భయం సగం కొరుకుడులోనే పోతుంది.

కానీ 'పిచ్చి సినిమాలు' అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. కుటుంబ కథా చిత్రాల్లో మన కష్టానికి మనం ఏడుస్తాం. వీటిలో మన భయాన్ని కాసేపు ఇంకొకరి నెత్తిన పెట్టి ఊపిరి పీల్చుకుంటాం. రెండూ కావలసినవే. ఇంట్లో ఎవరైనా అర్ధరాత్రి దెయ్యం సినిమా చూస్తుంటే, తిట్టే ముందు ఒక్కసారి అడగండి, నిద్ర ఎందుకు పట్టడం లేదని.

నేను అడిగాను. ఇంటికొచ్చాక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వెప్పుడు మొదలుపెట్టావే ఇవి?" అన్నాను. కాసేపు ఫోను తిప్పుకుంటూ కూర్చుంది. "హాస్టల్లో మొదటి ఏడాది. రాత్రిళ్ళు ఇల్లు గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు. రూంలో నలుగురం ఒకే దుప్పట్లో కూర్చుని చూసేవాళ్ళం. నీకు చెబితే బాధపడతావని..." అంది. ఏడాదంతా ఫోనులో "తిన్నావా, పడుకున్నావా" అని అడుగుతూనే ఉన్నాను. తిన్నానూ, పడుకున్నానూ అని అది చెబుతూనే ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త పద్ధతి. మూడు వారాలకొకసారి మా మరిదికి నైట్ షిఫ్టు వస్తుంది. ఆ వారం రాత్రి పదిన్నరకు నేను జనగామలో, అమ్మ మహబూబాబాద్‌లో, చెల్లె భూపాలపల్లిలో ఒకే సినిమా పెట్టుకుంటాం. మొదలుపెట్టే ముందు నేనే ఫోను చేస్తాను. "చెల్లే, నేనే" అని ముందే మెసేజి పెట్టి, ఆ తర్వాతే చేస్తాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ముగ్గురం ఒకేసారి నొక్కుతాం. అమ్మది ఎప్పుడూ అర నిమిషం ఆలస్యం. మేము అరిచాక ఆమె అరుస్తుంది.

పోయిన వారం 'గూఢచారి 116' చూశాం. 1966 నాటిది, కృష్ణ, జయలలిత. ఈ సోమవారం ఏం పెట్టాలా అని చూస్తున్నాం. మీకు తెలిసిన మంచి దెయ్యం ఏదైనా ఉంటే చెప్పండి.